బడి యీడు

ప్రతి సంవత్సరమును వేసవి ముదిరి మామిడిపండ్లు బజారునకు దిగు దినములలోనే మన పట్టణములకు మఱియొక పంట దిగుచున్నది. గోడలమీదను, ఆటోల వెనుకను, సినిమాహాళ్ల తెరలమీదను, దినపత్రికతో గూడ నింటింటికి వచ్చు కరపత్రములలోను ఒకటే కేక: "ప్రవేశములు జరుగుచున్నవి." పూర్వ మీ కేక కళాశాలలది, పిదప ఉన్నతపాఠశాలలది, ఇప్పుడు రెండున్నరయేండ్ల పసివానిది. చంకనుండి దిగని బిడ్డకు మెడపట్టీ తగిలించి, వీపున సంచి కట్టి, ఫొటో తీసి గోడకంటించుచున్నారు. ఆ బిడ్డ నవ్వుచున్నట్లే యుండును. ఫొటో తీసినవాని చేతిలో గిలక యుండియుండును.

"మీ వానిని ఎందులో వేసితిరి?" అని పెండ్లిపందిళ్లలోను, కోర్టు వరండాలలోను, రైలుపెట్టెలలోను అడుగుకొనుట నేడు కుశలప్రశ్నలలో జేరినది. ఆ మాటలోనే విశేషమున్నది. ఉత్తరమును పెట్టెలో వేయుదుము. దొంగను జైలులో వేయుదుము. బిడ్డను బడిలో వేయుదుము. వేసినవాని యిష్టమే గాని వేయబడినదాని యిష్టముతో నిమిత్తము లేదు. మూడేండ్లు నిండని బిడ్డ తండ్రి "ఇంకను ఎందులోను వేయలేదండీ" అని బదులు చెప్పునప్పుడు, అప్పు తీర్చనివానివలె తల వంచుకొనుచున్నాడు. ప్లేస్కూలు, నర్సరీ, ఎల్.కె.జి., యు.కె.జి. అని ఒకటవ తరగతికి ముందే నాలుగు మెట్లు కట్టియున్నారు. మొదటి మెట్టు తప్పినచో తుదివఱకు తప్పినట్లే యని భయపెట్టువారున్నారు. భయపడువారు అంతకంటె నెక్కువగా నున్నారు.

బిడ్డ బడికి సిద్ధమైనదా, లేదా? ఇది తల్లిదండ్రులు వేసికొనదగిన ప్రశ్నయే. కాని దీనికి బదులు చెప్పుచున్న దెవరు? పొరుగింటి పిల్లవాడు చెప్పుచున్నాడు. తల్లి యుద్యోగపు సెలవు ముగియు తేదీ చెప్పుచున్నది. రుసుములో రాయితీ దొరకు గడువు చెప్పుచున్నది. బిడ్డను మాత్రము అడిగినవారు లేరు. అడిగినచో బిడ్డ చెప్పును. నోటితో గాదు, నిద్రతోను, ఆకలితోను, ఏడుపుతోను, ఆటతోను చెప్పును. ఆ భాషను జదువనేర్చిన తల్లికి ఈ విషయమున మా వంటివారి సలహా యక్కఱలేదు. అది మఱచిపోవునట్లు చేయుటకే యిన్ని కరపత్రములు అచ్చగుచున్నవి.

మన పెద్దలు దీనిని గూర్చి తలపోయకపోలేదు. అయిదవయేట అక్షరాభ్యాసము చేయుట సంప్రదాయము. పళ్లెములో బియ్యము పోసి, గురువు బిడ్డ వ్రేలు తన చేతబట్టి దిద్దించును. తోడిపిల్లలకు పలకలు, బలపములు, పప్పుబెల్లములు పంచుదురు. బాసర సరస్వతీ సన్నిధిని ఈ వేడుక నేటికిని జరుగుచునే యున్నది. అది విద్యకు ముహూర్తమే గాని, మఱునాటినుండి బిడ్డను దినమెల్ల ఒక బల్లకు గట్టివేయుటకు వ్రాసియిచ్చిన పత్రము గాదు. నేడు కొందఱు ఆ ముహూర్తమును మూడవయేటికో, అంతకు ముందునకో జరిపించి, బాసరనుండి తిన్నగా బడి కార్యాలయమునకు రుసుము గట్టబోవుచున్నారు.

అయినను గతమును మితిమీఱి పొగడువాడను గాను. వీధిబడిలో ఇసుకలో దిద్దించుట మంచి పద్ధతి. కోదండము వేయుట మంచి పద్ధతి గాదు. ఎక్కములును శతకపద్యములును నోటికి వచ్చెను. బెత్తపు దద్దులును వీపునకు వచ్చెను. ఆడుబిడ్డలలో బెక్కండ్రకును, అంటరానివారని దూరముంచినవారి బిడ్డలకును ఆ యయిదవయేడు రానేలేదు. కావున, పూర్వము అయిదేండ్లకు బంపిరి గనుక నేడును అట్లే చేయవలెననుట నా వాదము గాదు. వారెంచిన యీడులో నొక వివేకమున్నదని మాత్రమే నా తాత్పర్యము. అప్పటికి బిడ్డ తనంత దాను దినును. తన బాధ తాను జెప్పుకొనును. కథ విని తిరిగి చెప్పును. తల్లి కనబడకున్నను ఆమె తిరిగి వచ్చునని నమ్మును.

కిండర్‌గార్టెన్ అను మాట జర్మనుభాషలోనిది. దానికి పిల్లల తోట యని యర్థము. ఫ్రెడరిక్ ఫ్రోబెల్ అను నుపాధ్యాయుడు 1837లో బ్లాంకెన్‌బుర్గ్ అను చిన్న యూరిలో పసిబిడ్డల యాటలకై యొక శాల నెలకొల్పి, 1840లో దానికి ఈ పేరు పెట్టెను. ఉన్నిబంతి, కొయ్యగోళము, కొయ్యదిమ్మలు, పాట, నిజమైన తోటలో బిడ్డకొక పాదు—ఇవియే యచ్చటి పాఠ్యపుస్తకములు. ప్రష్యా ప్రభుత్వము 1851లో వీనిని నిషేధించెను. వీనివలన బిడ్డలు నాస్తికులగుదురని దాని భయము. మఱుసటి యేడు ఫ్రోబెల్ మరణించెను. నిషేధము తొలగినది 1860లో. ఉన్నిబంతికి భయపడిన ప్రభుత్వములు చరిత్రలో అరుదు! మన యూళ్లలో ఆ తోట పేరు మూడు ఆంగ్లాక్షరములై మిగిలినది. ఒకటి క్రింది తోట, ఒకటి పై తోట. లోపలికి బోయి చూతుము గదా, తోట యన్నది లేదు. మూడవ యంతస్తున ఇనుపచువ్వల కిటికీలు, వరుసగా కుర్చీలు, నాలుగుగీతల పుస్తకములు.

మాంటిసోరీ పేరు గతియు నింతే. ఆ పేరు లేని వీధి మన పట్టణములలో లేదు. మరియా మాంటిసోరీ వైద్యురాలు. 1907 జనవరి 6వ తేదీన రోమునగరమున శాన్ లోరెంజో అను పేదల పేటలో, తల్లిదండ్రులు కూలికి బోగా మెట్లమీద తిరుగు బిడ్డలకై ఆమె మొదటి బాలగృహము తెఱచెను. 1939లో ఆమె మద్రాసు అడయారునకు వచ్చెను. మఱుసటి సంవత్సరము ఇటలీ యుద్ధమున దిగగా, శత్రుదేశస్థురాలని ఆంగ్లప్రభుత్వము ఆమెను కట్టడిలో నుంచి, కుమారుని నిర్బంధించెను. అట్టి స్థితిలోను ఆమె మన దేశపు టుపాధ్యాయులకు వందలకొలదిగా శిక్షణ మిచ్చెను. ఆమె బోధించినది బిడ్డను గమనించుమని. బిడ్డ పనిలో మునిగియున్నప్పుడు అడ్డు రాకుమని. ఆమె పేరు బోర్డుమీద వ్రాసికొని లోపల ముప్పదిమంది బిడ్డలచేత ఒకే అక్షరమును ఒకే గొంతుతో నఱపించుట న్యాయమేనా?

మా వృత్తివాడే యగు గిజుభాయి బధేకా చరిత్ర నేను మఱచిపోలేను. ఆయన గుజరాతున వకీలు. కుమారుడు పుట్టిన పిదప ఆ బిడ్డ నెట్లు చదివించుట యను తలపు ఆయనను బట్టుకొనెను. 1916లో వకీలుపని వదలి భావనగరము దక్షిణామూర్తి సంస్థలో జేరి, 1920లో అచ్చట బాలమందిరము నెలకొల్పెను. కథలు, ఆటలు, పాటలు, బిడ్డకు గౌరవము—ఇంతియే ఆయన పద్ధతి. ప్రజలాయనను మీసములుగల తల్లి యని పిలిచిరి. పిదప తారాబాయి మోదక్ గారు ఈ పనిని ఖరీదైన సామగ్రి యక్కఱలేని రూపమున 1945లో మహారాష్ట్రమున బోర్డీ గ్రామమునకు గొనిపోయిరి. బాలవాడి యను మాటకు మూలమదియే. అనగా పసివారి విద్య మన దేశమున మొదట ధనవంతుని గుమ్మమున బుట్టిన సరకు గాదు.

ఇక చట్టమును గూర్చి నాలుగు మాటలు చెప్పుట నా వృత్తిధర్మము. మన రాజ్యాంగము తొలుత పదునాలుగేండ్లు నిండువఱకు బిడ్డలందఱికిని ఉచిత నిర్బంధవిద్య నీయ యత్నింపవలెనని 45వ అధికరణమున రాజ్యమునకు జెప్పెను. అందులో పసివారును ఉండిరి. 2002లో జరిగిన 86వ సవరణ ఆరునుండి పదునాలుగేండ్లవారికి విద్యను ప్రాథమికహక్కుగా జేసి, ఆరేండ్లలోపువారిని మాత్రము మార్చిన 45వ అధికరణమున, హక్కు లేని యాదేశసూత్రములలోనే, విడిచిపెట్టెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. దాని 11వ విభాగము మూడేండ్లు దాటినవారికి పూర్వప్రాథమిక విద్య నేర్పాటు చేయవచ్చునని ప్రభుత్వములకు జెప్పుచున్నది. "వచ్చును" అని చెప్పినదే గాని "వలెను" అని చెప్పలేదు. ఈ రెండు మాటలకు నడుమ ఎంత దూరమున్నదో న్యాయస్థానములలో దిరిగినవాడెఱుగును.

అదే చట్టపు 13వ విభాగము ప్రవేశసమయమున బిడ్డను గాని తల్లిదండ్రులను గాని పరీక్షించి వడపోయుటను నిషేధించి, మొదటి తప్పునకు 25,000 రూపాయలు, పిదప ప్రతి తప్పునకు 50,000 రూపాయలు జరిమానా విధించుచున్నది. చదువరులు సంతోషింతురేమో, తొందరపడవలదు. ఆ చట్టమున బాలుడనగా ఆరునుండి పదునాలుగేండ్లవాడు. ఈ కారణముచేతనే 2013లో ఢిల్లీ హైకోర్టు, నర్సరీ ప్రవేశములకు ఆ నిషేధము వర్తింపదని తేల్చి, చట్టమును సవరించు సంగతి యోచింపుడని ప్రభుత్వమునకు సూచింపవలసివచ్చెను. పదేండ్ల పిల్లవానిని ప్రశ్నించుట నేరము; మూడేండ్ల పసిదానిని, కాళ్లు నేలకందని కుర్చీలో గూర్చుండబెట్టి, రంగులు చెప్పుమని, తండ్రి యుద్యోగము చెప్పుమని ప్రశ్నించుట నేరమవునో కాదో వ్యాజ్యమాడి తేల్చుకొనవలెను! పసివారికి బరీక్షలును ముఖాముఖులును కూడవని 1993లోనే ఆచార్య యశ్‌పాల్ సంఘము నివేదించియున్నది. అంతకు నాలుగేండ్ల ముందు, 1989లో, ఆర్. కె. నారాయణ్ గారు రాజ్యసభలో తమ తొలి ప్రసంగమును బిడ్డల పుస్తకసంచుల బరువును గూర్చియే చేసిరి. ఆ సంచి నేడు ఇంకను చిన్న వీపునకు దిగినది.

2020 నాటి జాతీయవిద్యావిధానము మూడునుండి ఎనిమిదేండ్లవఱకు గల యీడును ఒకే పునాదిదశగా నెంచి, అందు మొదటి మూడేండ్లును ఆటపాటలకని, ఆరేండ్లు నిండిన పిదపనే ఒకటవ తరగతి యని చెప్పినది. కేంద్రీయవిద్యాలయములలో ఈ ఆరేండ్ల నియమమును సవాలుచేసినవారి యభ్యర్థనను 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు త్రోసివేసెను. 2023లో గుజరాత్ హైకోర్టు ఎదుట ఇట్టిదే మఱియొక వ్యాజ్యము వచ్చెను. జూన్ 1 నాటికి ఆరేండ్లు నిండలేదని తమ బిడ్డలకు ఒకటవ తరగతి దొరకకపోగా తల్లిదండ్రులు మొఱపెట్టుకొనిరి. తమ బిడ్డలు మూడేండ్ల పూర్వప్రాథమికవిద్య ముగించినారని వాదించిరి. ఆ వాదమే వారికి ఎదురు తిరిగెను. మూడేండ్లు నిండకముందే బడికి బలవంతముగా బంపినారన్నమాట గదా, అది మీరు చేసిన చట్టవిరుద్ధకార్యమని న్యాయస్థానము పలికి, వారి కోరిక నిరాకరించెను. ఆ తీర్పునకు ఆధారము ఆ రాష్ట్రపు 2012 నియమావళి. మన రెండు రాష్ట్రములను అది కట్టిపడవేయదు. కాని తల్లిదండ్రుల తొందరను న్యాయస్థానము ఆ పేరుతో బిలుచుట చదివినప్పుడు నాకు సంతోషమే కలిగినదని చెప్పుటకు సందేహింపను.

ఏలయన, ఆ తొందర నా బల్లయొద్దకును వచ్చుచుండును. పుట్టినతేదీని రెండు మూడు నెలలు వెనుకకు జరుపుచు ప్రమాణపత్రము వ్రాసియిమ్మని కోరు తండ్రులు ప్రతి వేసవిని వత్తురు. వారు దుష్టులు గారు. బిడ్డకు ఒక సంవత్సరము "వృథా" యగునని వారి దుఃఖము. మా తండ్రులనాడు ప్రధానోపాధ్యాయుడే ఆ పని చేసెడివాడు. అందుచేతనే మన పెద్దలలో నెందఱో జూన్ మొదటి తేదీనో జూలై మొదటి తేదీనో పుట్టినట్లు సర్కారు లెక్కలలో నున్నారు. ఇప్పుడు దారి మూసికొన్నది. 2023 అక్టోబరు 1 నుండి అమలునకు వచ్చిన జననమరణనమోదు చట్టసవరణ ననుసరించి, ఆనాటినుండి పుట్టిన బిడ్డలకు బడిలో జేరుటకు జననపత్రమే ప్రమాణము. కాగితము కదలదు గావున, కొందఱు బిడ్డనే ముందునకు నెట్టజూచుచున్నారు.

చట్టపు టీడు కంచె మాత్రమే, కొలబద్ద గాదు. మూడేండ్లనుట తేలిక. కాని తరగతిలో సరిగా మూడేండ్ల బిడ్డ యొకడు, మూడేండ్ల పదునొకండు నెలల బిడ్డ యొకడు ప్రక్కప్రక్కన గూర్చుందురు. మన పెద్దవారికి పదునొకండు నెలలు లెక్కలోనివి గావు. ఆ చిన్నవానికి అది తన జీవితములో మూడవవంతు. పెద్దవాడు గుండీ పెట్టుకొనును, చిన్నవాడు పెట్టుకొనలేడు. పెద్దవాడు "చుఱుకు", చిన్నవాడు "మందము" అని పేరు పడును. ఆ పేరు చాలకాలము వదలదు. డెన్మార్కు దేశమున బడి ప్రవేశమును ఒక సంవత్సరము ఆలస్యము చేసిన బిడ్డలలో నిలుకడలేమియు అతిచాంచల్యమును ఏడవయేట తగ్గియుండుటను 2015లో పండితులు ప్రకటించిరి. వేసవిలో బుట్టి తరగతికెల్ల చిన్నదిగా నుండు బిడ్డను ఒకయేడు నిలుపుటలో అవమానమేమియు లేదు.

మఱి సిద్ధమగుట యననేమి? మొదట, ఏది కాదో చెప్పెదను. అక్షరములు వచ్చుట కాదు. వందవఱకు అంకెలు అప్పగించుట కాదు. జంతువుల పేర్లు ఆంగ్లమున జెప్పి బంధువులను మురిపించుట యసలే కాదు. ఇవి బడిలో నేర్పవలసినవి. బడికి వచ్చుటకు అర్హతలెట్లగును?

బిడ్డ తల్లిని విడిచి కొంతసేపు మఱియొక పెద్దదిక్కు నొద్ద ఊఱట పొందగలదా? ఆకలియు దాహమును మూత్రమును చెప్పగలదా—మాటతో గాకున్న సైగతోనైనను? తోడిబిడ్డ ప్రక్కన గూర్చుండి, కొట్టుకొన్నను మరల కలసి యాడుకొనగలదా? ఒక కథ ముగియువఱకు, ఒక బొమ్మరిల్లు కట్టువఱకు ఒకచోట నిలువగలదా? పగటినిద్ర తప్పినచో సాయంకాలమునకు సోలిపోవుచున్నదా? ఇవి చూడవలెను. వీనిలో నేదియు సరిగా మూడవ పుట్టినరోజున తలుపుతట్టి రాదు; ఒక్కటి లేదని భయపడనక్కఱయు లేదు. మాట మిక్కిలి యాలస్యమైనను, పిలిచిన పలుకకున్నను, కన్ను కలుపకున్నను మాత్రము వైద్యునికి జూపవలెను. "బడిలో వేసిన మాటలు వచ్చును" అని పొరుగువారు చెప్పిన మందుతో కాలము గడుపరాదు.

మొదటి దినములలో ఏడ్వని బిడ్డ యుండదు. ఏడుపు సిద్ధముగా లేదనుటకు గుఱుతు గాదు. ఏడుపు ఎట్లు తగ్గుచున్నదో చూడవలెను. వారము రెండు వారములలో ఆట కనబడగానే కన్నీరు తుడుచుకొను బిడ్డ సర్దుకొనుచున్నది. మూడు వారములు గడచినను రాత్రి ఉలికిపడి లేచుచు, అన్నము మాని, మానిన పక్కతడుపుట మరల మొదలిడిన బిడ్డ తన వాఙ్మూలము నిచ్చినది. దానిని కొట్టివేయు నధికారము తండ్రికి లేదు. ఒక నాలుగు నెలలు ఇంట నుంచుకొని మరల ప్రయత్నించిన మునుగునది రుసుము మాత్రమే.

చేతిని గూర్చి యొక సంగతి. మణికట్టునందు ఎనిమిది చిన్న యెముకలుండును. పుట్టినప్పుడవి మృదులాస్థి, ఏండ్లు గడచుకొలది ఒక్కొక్కటిగా ఎముకయగును. మూడేండ్లనాటికి వానిలో సగమైనను గట్టిపడియుండవు. ఆ చేతికి సీసపుకడ్డీ నిచ్చి నాలుగుగీతల నడుమ పుటలకు పుటలు వ్రాయించుట విద్య యనిపించుకొనదు. ఆ చేతికి దగిన పని మన యిండ్లలో నెంతయో యున్నది: చింతగింజలు లెక్కించుట, పూలు గుచ్చుట, తల్లి ముగ్గునకు రంగు నింపుట, పిండిముద్దతో పామును చేయుట, గుజ్జెనగూళ్లాట, బట్టలు మడతబెట్టుట. చేయి వీనిలో సాగినపిమ్మట అక్షరము దానంతట లొంగును. అమ్మమ్మ యొద్ద కూర్చుండి బియ్యములో రాళ్లేరు బిడ్డను "ఖాళీగా నున్నది" అనుచున్నారు!

బిడ్డ సిద్ధమైనదా యని యింత యడుగుచున్నాము. బడి సిద్ధమైనదా యని యడుగుట లేదు. నా దృష్టిలో మొదట అడుగవలసిన దదియే. ఒక యుపాధ్యాయినికి ఎందఱు బిడ్డలు? ఆయా యున్నదా? బిడ్డ బట్టలు తడిపికొన్నప్పుడు ఏమి చేయుదురు—మార్చి ముద్దాడుదురా, నలుగురిలో నవ్వుదురా? నేలమీద బొర్లుటకు చోటున్నదా? పడుకొనుటకు చాప యున్నదా? తల్లి మొదటి వారము లోపల గూర్చుండవచ్చునా, గేటువద్దనే బిడ్డను లాగికొందురా? ఇంటిపని యిత్తురా? చివరి ప్రశ్నకు "అవును, ప్రతిదినము" అని గర్వముతో బదులు చెప్పు బడినుండి చెప్పులు తొడుగుకొని బయటకు వచ్చుట మేలు.

భాషమాట యెత్తక తప్పదు. తెలుగుదేశమున, తెలుగుతల్లి కడుపున బుట్టిన మూడేండ్ల బిడ్డ దాహమైనప్పుడు "నీళ్లు" అనిన తప్పు. దానికి వేఱొక మాట నేర్చుకొన్న పిదపనే గొంతు తడియును. ఇంట రోజంతయు వాగి వేధించిన బిడ్డ బడిలో మౌనముద్ర వహించును. "మీ పాప మాటలాడదండీ, ఇంకను సిద్ధముగా లేదు" అని మూడవవారము కబురు వచ్చును. పాప సిద్ధముగానే యున్నది. ఆమె మాటలను గడపవద్ద విప్పించి లోనికి దీసికొన్నది మీరు. ఆంగ్లము నేర్పవలదని నేననను. నేనును అందులోనే వాదించి బ్రదుకుచున్నాను. కాని మాతృభాషలో ప్రశ్న వేయుట రాని బిడ్డ ఏ భాషలోను ప్రశ్న వేయజాలదు. వీలైనచోట్ల అయిదవ తరగతివఱకైనను మాతృభాషలో బోధింపవలెనని 2020 విధానము చెప్పినది. ఆ మాట అందఱికంటె మొదట వర్తింపవలసినది ఈ పసివారికే.

ఇంతవఱకు నేను వ్రాసినదంతయు ఇంట అన్నమును, అమ్మమ్మయు, బొమ్మలును గల బిడ్డను గూర్చి. పఠనాలయమునకు వచ్చి యీ పత్రిక చదువు మనకు మన బిడ్డలే కనబడుదురు. పొద్దున నాలుగింటికి వంట చేసి, కూలికి బోవు తల్లి బిడ్డకు ఈ ప్రశ్న వేఱు రూపమున వచ్చును. ఆ బిడ్డ చేనిగట్టున నుయ్యాలలో నుండవలెను, లేదా ఎనిమిదేండ్ల యక్క చంకలో నుండవలెను. అక్క బడి మానును. అంగన్‌వాడీ తలుపు ఆ పూట తెఱవకున్నచో చదువు చెడునది పసిదానికి గాదు, అక్కకు. సమగ్ర శిశు అభివృద్ధి పథకము 1975 అక్టోబరు 2న మొదలైనది. ఊరూర అంగన్‌వాడీలు వెలసినవి. గ్రుడ్డును, పాలును ఇచ్చుచోటనియే మనవారు దానిని చులకనగా జూతురు. ఆకలిగొన్న బిడ్డ కథ వినదని ఆ పథకము పెట్టినవారికి దెలిసినంత మన కాన్వెంటువారికి దెలియదు. అచ్చటి కార్యకర్తకు పసివారి యాటపాటలతోపాటు తూకములు, గర్భిణుల లెక్కలు, సర్వేలు, సెల్లుఫోనులో నమోదులు తగిలించి, ఆమెను గుమాస్తాగా జేసితిమి. ఆటపాటలకు మిగులు గడియలు బహుకొద్ది. ఆమె జీతమును గూర్చి యెక్కువగా వ్రాయుట లజ్జాకరము.

అమెరికాలో జరిగిన రెండు పరిశోధనలు ఈ సందర్భమున విచారింపదగినవి. మిచిగన్ రాష్ట్రమున ఇప్సిలాంటి యను నూరిలో 1962లో మొదలైన పెర్రీ పూర్వపాఠశాలా పరిశోధనలో 123 మంది పేద నల్లజాతి బిడ్డలుండిరి. వారిలో 58 మందికి మూడవ నాలుగవయేట మంచి బడి దొరకెను. అయిదారుగురు బిడ్డలకొక యుపాధ్యాయిని, వారమునకొకమాఱు ఇంటికి వచ్చి తల్లితో మాటలాడుట, బిడ్డయే తన యాటను ఎంచుకొనుట. నలుబదవయేటివఱకు వారిని వెన్నంటి చూచిరి. ఆ బడి దొరకినవారు దొరకనివారికంటె ఎక్కువ సంపాదించిరి, తక్కువగా జైలుపాలైరి. ఇక టెన్నెసీ రాష్ట్రమున దాదాపు మూడువేలమంది పేదబిడ్డలపై జరిగిన పరిశోధన ఫలితములు 2022లో వెలువడినవి. అచ్చట ప్రభుత్వపు పూర్వప్రాథమిక తరగతులలో జేరిన బిడ్డలు, చేరని బిడ్డలకంటె ఆరవ తరగతినాటికి చదువునను నడవడిలోను వెనుకబడియుండిరి. రెండుచోట్లను బిడ్డలు పేదలే. ఈడును ఇంచుమించుగా నొకటే. కావున "తొందరగా బంపిన మేలు" అనువారును, "తొందరగా బంపిన కీడు" అనువారును చెఱియొక పరిశోధనను చేతబట్టుకొని కొట్లాడుకొనవచ్చును. నాకు దోచినంతవఱకు, ఈడుకంటె ఆ గదిలో జరుగునది ముఖ్యము. మంచి గది దొరకనిచో, దొరకువఱకు ఇల్లే మేలు—ఇల్లున్నవారికి.

"వెనుకబడిపోవును గదండీ" అని మిత్రులనుచున్నారు. ఫిన్లండులో ఏడవయేటనే బడి. దానికి ముందొక సంవత్సరము ఆటలతో గూడిన సన్నాహము. ఇంగ్లండులో అయిదేండ్లకు నిర్బంధము. నాలుగేండ్లకే పెక్కుమంది చేరుదురు. ఫిన్లండువారు చదువురాక చెడిపోయినట్లు వినలేదు. న్యూజీలండున అయిదవయేట చదువుట మొదలిడినవారిని, ఏడవయేట మొదలిడినవారిని పోల్చిచూడగా, పదునొకండేండ్లనాటికి ఇరువురును సమానులైరి. రెండేండ్లు ముందు పరుగెత్తి సంపాదించినది మిగులలేదు.

"ఇద్దఱము ఉద్యోగస్థులము, ఇంట పెద్దవారు లేరు, ఏమి చేయుదుము?" అనువారి మాట వేఱు, అది న్యాయమైన మాట. కాని వారికి గావలసినది బడి గాదు, బిడ్డను బ్రేమతో జూచుకొను చోటు. దానిని ఆ పేరుతోనే అడుగవలెను. 2017 నాటి ప్రసూతిప్రయోజన చట్టసవరణ ఏబదిమంది లేక అంతకు మించి పనివారుగల సంస్థలు శిశుసంరక్షణశాల నేర్పఱుపవలెనని విధించినది. ఆ హక్కును మన యుద్యోగిసంఘములు ఎన్నిచోట్ల అడిగినవి? జీతపు బేరములలో ఈ సంగతి చివరి కాగితమునకైనను ఎక్కుట లేదు. ప్లేస్కూలు రుసుము గట్టుట సులభమని యడుగుట మానివేసితిమి.

తెలుగువారి రెండు ప్రభుత్వములును ఒక పని చేయవచ్చును. ఢిల్లీ హైకోర్టు చూపిన వెలితిని కేంద్రము పూరించువఱకు వేచియుండక, తమ శాసనసభలలోనే చట్టము చేసి, పూర్వప్రాథమిక పాఠశాలలన్నిటికిని అనుమతిపత్రము తప్పనిసరి చేయవలెను. మూడేండ్లు నిండని బిడ్డను చేర్చుకొనరాదు. బిడ్డకు గాని తల్లిదండ్రులకు గాని ముఖాముఖి కూడదు. అయిదేండ్లలోపు వ్రాతపరీక్షయు ఇంటిపనియు కూడవు. నేలమట్టమున ఆటస్థలము లేనిదే అనుమతి లేదు. ఈ నాలుగు షరతులు వ్రాయుటకు నాలుగు పుటలు చాలును. ముసాయిదా వ్రాసియిచ్చుటకు మా న్యాయవాదులలో రుసుము గోరనివారు దొరకుదురు. ఆ షరతులు వచ్చువఱకు, ఈ జూనులో బిడ్డను జేర్పబోవు తండ్రులు రుసుము పట్టికను జూచుటకు ముందు, ఉదయము పదునొకండు గంటలవేళ, చెప్పకుండ నొకమాఱు ఆ బడికి బోయి, గదిబయట అయిదు నిమిషములు నిలిచి వినుడు.